ఆయనకో మాట చెప్పి

కిందటి నెలలో ఒక శనివారం మధ్యాహ్నం మా బడి స్టాఫ్ రూములో టీచర్లందరినీ కూర్చోబెట్టి, జిల్లా నుంచి వచ్చిన ఒక చిన్న వయసు ఆఫీసరమ్మ గంటన్నర సేపు మాట్లాడింది. ఈ రోజుల్లో కూడా మనుషుల్ని కట్టిపడేసి పని చేయించుకునేవాళ్ళు ఉన్నారని, కాకపోతే సంకెళ్ళు పైకి కనబడవని, అలాంటివాళ్ళు మన చుట్టుపక్కల ఉంటే గుర్తుపట్టడం ఎలాగో, ఎవరికి చెప్పాలో వివరించింది. తలా ఒక కాగితం పంచింది. మనిషి కాగితాలు ఇంకొకరి దగ్గర ఉండడం, అడిగినదానికి వేరొకరు జవాబు చెప్పడం, ఒంటరిగా మాట్లాడనివ్వకపోవడం, వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్ళలేకపోవడం, ఇలాంటి గుర్తులు అందులో వరసగా అచ్చేసి ఉన్నాయి. చివర్లో, మీలో ఎవరైనా ఇలాంటివి చూశారా అని అడిగింది. లెక్కల మాస్టారు గడియారం చూసుకున్నారు. పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచుకున్నాను.

ఇంటికొచ్చాక ఆ కాగితం అమ్మకి చదివి వినిపించాను. అమ్మకి డెబ్బై ఆరేళ్ళు. సర్కారు నర్సుగా కోనసీమ లంకలన్నీ నడిచి నడిచి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. గోరుచిక్కుళ్ళ ఈనెలు తీస్తూ అంతా వింది. విని, "ఎవరికి చెప్పాలో రాసేరు, బావుంది. ఎవరికి చెప్పకూడదో రాసేరా?" అంది. లేదని తెలిసి కూడా కాగితం వెనక్కి తిప్పి చూశాను. అమ్మ చిక్కుళ్ళు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా ఇద్దరికీ తెలిసిన పాత సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళూ అది ఎత్తుకోలేదు, ఆ సాయంత్రమూ ఎత్తుకోలేదు. నోటితో చెప్పలేనిది చేత్తో రాయగలనేమో చూద్దామని ఇవాళ కూర్చున్నాను.

నేను డిగ్రీ పూర్తిచేసి, బీఎడ్ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఉన్న ఏడాది అది. ఓడలరేవు వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో మా కాపురం. మేమున్న పెంకుటిల్లు ముందు గదిలోనే ఆరోగ్య ఉపకేంద్రం. అంటే మా ఇంటికి గుమ్మం ఒకటే, వచ్చేవాళ్ళు మాత్రం రెండు రకాలు. చుట్టాలు చెప్పులు విప్పి లోపలికి వచ్చేవారు, రోగులు విప్పకుండా వచ్చేవారు. ఆ ముందు గదిలో స్పిరిట్ దూది వాసన, కిరసనాయిలు స్టవ్వు మీద సూదులు మరిగే వాసన, గోడకి తగిలించిన రిజిస్టర్ల పాత కాగితం వాసన కలిసి ఉండేవి. వెనక వసారాలోంచి మామ్మ కాల్చే చుట్ట వాసన వచ్చి వాటన్నిటినీ ఓడించేది. మామ్మ అంటే మా నాన్నగారి తల్లి. ముందు గదిలో గోడ మీద పొగ తాగరాదని బొమ్మ ఉండేది. మామ్మ ఆ బొమ్మ కింద కూర్చుని చుట్ట వెలిగించుకోవడానికి ఏనాడూ సందేహించలేదు. అమ్మ ఏమైనా అనబోతే, "నాకు చదువు రాదు కదమ్మాయ్" అనేది.

నాన్న మస్కట్‌లో ఎలక్ట్రీషియన్. రెండేళ్ళకోసారి వచ్చేవారు. ఒకసారి వాళ్ళమ్మకి జబ్బుచేసినప్పుడు రాలేకపోయారు. పాస్‌పోర్టు కంపెనీవాళ్ళ బీరువాలో ఉంటుందని, వాళ్ళు ఇచ్చినప్పుడే రావాలని ఉత్తరం రాశారు. అది అక్కడి పద్ధతి కాబోలనుకున్నాం. ఊళ్ళో సగం ఇళ్ళల్లో మగాళ్ళ పరిస్థితి అదే కాబట్టి, అందులో విడ్డూరమేమీ కనబడలేదు. ఆఫీసరమ్మ పంచిన కాగితంలో మొదటి గుర్తు చదవగానే నాకు ముందు తట్టింది నాన్నే. అలవాటు పడిన కంటికి ఏదీ ఆనదు.

మామ్మ పొద్దస్తమానం వసారాలో కొబ్బరాకులు ముందేసుకుని కత్తిపీటతో ఈనెలు గీసేది. చీపుళ్ళు కట్టి శనివారం సంతలో అమ్మేది. కోడలు సర్కారు నర్సు, కొడుకు మస్కట్, మనవరాలు డిగ్రీ, నీకెందుకమ్మా ఈ చీపుళ్ళు అని చర్చి సంఘంలో ఆడవాళ్ళు వేళాకోళం చేసేవారు. మామ్మకి చీపుళ్ళ మీద వచ్చేది చుట్టలకే చాలదు. ఆవిడ వెళ్ళేది మనుషుల కోసం. ఏ ఇంటికి కొత్త కోడలొచ్చింది, ఎవరు చేపలు మానేసి కూరలు కొంటున్నారు, ఎవరి మొగుడు డబ్బు పంపడం లేదు, ఇదంతా చీపుళ్ళ పక్కన కూర్చునే తెలుసుకునేది. జ్వరమొచ్చినా శనివారం మానేది కాదు. సంతకి రాని మనిషికి ఏదో అయిందన్నమాటే అనేది.

ఇక అమ్మ మర్యాద సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా దాని మీదే నడిచింది. మా వైపు మర్యాద ఎక్కువని అందరూ అంటారు. మా అమ్మది అందులోనూ ఒక మెట్టు పైన. సూది గుచ్చే ముందు చంటిపిల్లలకి కూడా, "కొంచెం నొప్పెడతాదండీ, ఏమీ అనుకోకండి" అని చెప్పేది. ఆ మర్యాదలో ఒక పద్ధతి ఉంది. పక్కింటి గోడ మీదకి వాలిన మన కొబ్బరిచెట్టు మనం కొట్టించుకోవాలన్నా, బడి పంతులు మీద అర్జీ పెట్టాలన్నా, పిల్లకి సంబంధం మాట్లాడుకోవాలన్నా, ముందు వెళ్ళి సంబంధించిన పెద్దమనిషికి ఒక మాట చెప్పాలి. 'ఆయనకో మాట చెప్పి' అనేది మా దగ్గర ప్రతి పనికీ మొదటి మెట్టు. ఆయన వద్దన్నా చేసుకోవచ్చు, చెప్పకుండా చేయడం మాత్రం తప్పు. చేసిన పని కంటే చెప్పకపోవడమే పెద్ద తప్పుగా లెక్క. దాని మీద పలకరింపులు మానేసుకున్న కుటుంబాలు నాకు తెలుసు.

మా ఊరి చివర డ్రైను కాలువ అవతల రొయ్యల చెరువులుండేవి. వరి చేలు తవ్వి చెరువులు చేసిన రోజులవి. వాటిలో ఎక్కువ సత్యంగారివి. యాభై ఏళ్ళ మనిషి, ఎప్పుడూ తెల్లచొక్కా, నెమ్మదైన మాట. చెడ్డవాడని ఎవరైనా అంటే మేము నవ్వేవాళ్ళం. కరెంటు పోయి అమ్మ టీకా మందులు పాడైపోతాయని గాభరాపడిన రోజుల్లో, రొయ్యలకి తెప్పించుకున్న ఐసులోంచి దిమ్మ పగలగొట్టించి మా ఇంటికి పంపేవారు. అడగకుండానే పంపేవారు. పోలియో చుక్కల రోజున తన ఆటో ఇచ్చేవారు. ఆ ఐసు వల్ల ఎంతమంది పిల్లలకి మందు దక్కిందో అమ్మకి తెలుసు. అందుకే ఆయన పేరు చెబితే అమ్మ గొంతు ఇంకొంచెం తగ్గేది.

ఆ ఏడాది క్రిస్మస్‌కి ముందు వారం పోలియో చుక్కలు ఇంటింటికీ తిరిగి వేయమన్నారు. నర్సుకి తోడు వాలంటీరు ఉండాలి. ఖాళీగా ఉన్నది నేనే కాబట్టి మందుపెట్టె నా భుజానికెక్కింది. ఊరంతా అయిపోయాక, డ్రైను దాటి చెరువుల గట్ల మీద నడిచాం. అమ్మకి ఒక్క పిల్ల తప్పిపోయినా అన్నం సహించదు. మేత బస్తాల షెడ్డు దాటాక, రెండు చెరువుల మధ్య గట్టు మీద తాటాకు పాక కనబడింది. ఒకామె బయట నిలబడి మేత ట్రే కడుగుతోంది. పేరు సుకాంతి. మొగుడు దండాసి నడుంలోతు నీళ్ళలో దిగి నాచు తీస్తున్నాడు. శ్రీకాకుళం అవతల నుంచి, ఒరిస్సా పొలిమేర దగ్గర నుంచి వచ్చారు. మూడేళ్ళ పాప, పేరు చిన్ని, ఎడమ చెంప మీద పొయ్యి దగ్గర కాలిన మచ్చ. తల్లికి ఎనిమిదో నెల నిండుతోంది.

అమ్మ ఏం అడిగినా, వెనకే వచ్చి నిలబడిన చెరువుల గుమాస్తా జవాబు చెబుతున్నాడు. ఎన్నాళ్ళయింది వచ్చి అంటే రెండేళ్ళండి అన్నాడు. టీకా వేయించుకుందా అంటే సత్యంగారే డాక్టర్ని తెస్తారండి అన్నాడు. కడుపు చూడాలి, మీరు అవతలికెళ్ళండి అని అమ్మ ఎంతో మర్యాదగా అన్నాక అతను కదిలాడు. పాకలోకి వెళ్ళాక సుకాంతి అమ్మ చెయ్యి పట్టుకుంది. పురుటికి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాలని, అడిగితే మొగుడినీ పిల్లనీ ఇక్కడ ఉంచి ఒక్కదాన్నే వెళ్ళమన్నారని చెప్పింది. వచ్చేటప్పుడు తీసుకున్న అడ్వాన్సు ఇంకా తీరలేదంటున్నారట. రేషన్ కార్డు సత్యంగారి బీరువాలో ఉందట. అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది ఒక్క మాట.

"ఇద్దరం ఒక్కపాలి గట్టు దిగడానికి నేదమ్మా. ఒకరు ఎల్తే ఒకరుండాల. రెండేళ్ళయినాది, మేమిద్దరం కలిసి ఎక్కడికీ ఎల్నేదు."

అమ్మ ఆమెకి ఐరన్ మాత్రలిచ్చి, సత్యంగారు మంచివారమ్మా, నేను మాట్లాడతాను, భయపడకు అని చెప్పింది. నిజంగానే అలా అనుకుంది. గుమాస్తాలు ముదిరి ఇలా చేస్తుంటారు, యజమానికి తెలియదు అనుకుంటూ గట్టు దిగింది. నేను చిన్ని చిటికెనవేలు గోటి మీద సిరా గుర్తు పెట్టి, ఆ పాక నంబరు కాగితంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ ఈ సంగతి చెప్పింది, పాపం పురుటికి వెళ్ళాలంటోంది అత్తయ్యగారూ అని. మామ్మ చారు పోసుకుంటూ ఆగిపోయింది. ఆ ఇంట్లోంచి సంతకి ఎవరొస్తారు అని అడిగింది. ఉప్పూ బియ్యం అన్నీ సత్యంగారే పంపుతారట అని అమ్మ అంది. "రెండేళ్ళయిందంటున్నావు. రెండేళ్ళల్లో నేను ఒక్క శనివారం మానలేదు. ఆ మొహాలు నేను చూళ్ళేదమ్మాయ్" అంది మామ్మ. తరవాత చెయ్యి కడుక్కుని, అంతకుముందు ఎన్నడూ చెప్పని సంగతి చెప్పింది. తాత పాలేరుగా ఉన్న రోజుల్లో మామ్మ తల్లి పోయిందట. కబురొస్తే, ఆసామి మామ్మ ఒక్కదాన్నే పంపాడట. తాతని ఉంచేసుకున్నాడు. తాతని పంపితే మామ్మని ఉంచేవాడు. మూడో రోజుకల్లా తిరిగి రావాలని ఎవరూ చెప్పలేదట, చెప్పక్కర్లేదు, మొగుడు అక్కడున్నాడుగా. తల్లిని మట్టి చేసి, తోబుట్టువులతో కూర్చుని ఏడవకుండానే వచ్చేశానని చెప్పింది. మామ్మ కళ్ళలో నీళ్ళు అప్పుడూ లేవు. "తాడేసి కట్టక్కర్లేదమ్మాయ్. ఇద్దర్లో ఒకర్ని అట్టేపెట్టుకుంటే చాలు" అంది.

ఆ మాట వినగానే అమ్మకి సంగతి పూర్తిగా అర్థమైంది. అది వెట్టిచాకిరీ. అప్పటికే ఇలాంటివాళ్ళని విడిపించే చట్టం ఉందని, అమలాపురంలో ఆర్డీవోగారికి ఆ అధికారం ఉంటుందని అమ్మకి తెలుసు. నర్సుల ట్రైనింగులో ఎప్పుడో చెప్పారు. తిన్నగా అమలాపురం వెళ్ళు, సత్యంగారి గుమ్మం తొక్కకు అంది మామ్మ. అమ్మ కంచాలు తీస్తూ, "అంత ఐసు పంపిన మనిషండీ. ఆయనకో మాట చెప్పకుండా పైకెళ్తే ఏం బావుంటుంది?" అంది. పెదవి దాటితే పృథివి దాటుతుంది అంది మామ్మ. అప్పుడు నేను కల్పించుకున్నాను. ఇది దాచి లాభం లేదు. మామ్మా, అవి పాలేర్ల రోజులు, ఇప్పుడెవరు అలా చేస్తారు, ఆయన పెద్దమనిషి, చెబితే వింటారు అన్నాను. డిగ్రీ చదివిన గొంతుతో అన్నాను. ఇద్దరు చదువుకున్నవాళ్ళం ఒక పక్క, చదువులేని ముసలావిడ ఒక పక్క. మామ్మ చుట్ట తీసుకుని వసారాలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని సత్యంగారింటికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆయన భార్య కాఫీలు ఇచ్చింది. అమ్మ ముందు ఆయన ఆరోగ్యం అడిగింది, తరవాత ఐసుకి కృతజ్ఞతలు చెప్పింది, తరవాత సుకాంతి సంగతి ఎత్తింది. తప్పుగా అనుకోవద్దని నాలుగుసార్లు అంది. ఆ కుటుంబాన్ని మొత్తం పురుటికి పంపేస్తే బావుంటుందని, పైవాళ్ళదాకా వెళ్తే మీకు మాట వస్తుందని, అందుకే ముందు మీకే చెబుతున్నానని అంది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని శ్రద్ధగా విన్నారు.

"ఆయ్, అలాగేనండీ. మీరు చెప్పేక కాదంటానా. మీరు కాబట్టి నాతో చెప్పేరు, ఇంకోళ్ళయితే చెబుదురా? రెండు రోజుల్లో రొయ్యల పట్టుబడైపోతాది, నేనే దగ్గరుండి బస్సెక్కిస్తానండి."

గేటుదాకా వచ్చి సాగనంపారు. అమ్మ దారంతా తేలిగ్గా నడిచింది. ఇంటికొచ్చి మామ్మతో, చూశారా అత్తయ్యగారూ, మనిషికి మనిషి చెప్పుకోవాలి గానీ అంది. మామ్మ ఈనెలు గీస్తూనే ఉంది.

మూడో రోజు, పట్టుబడి అయిందో లేదో చూసి, ప్రయాణానికి మాత్రలు కట్టిద్దామని మేమిద్దరం గట్టు మీదకి వెళ్ళాం. చెరువు నిండా నీళ్ళున్నాయి, పట్టుబడి జరగలేదు. పాక ఖాళీగా ఉంది. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. గుమాస్తాని అడిగితే ఊరెళ్ళిపోయారండి అన్నాడు. ఎప్పుడు, ఏ బస్సుకి అంటే నవ్వాడు. అమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రల పొట్లం తాటాకుల్లో దోపింది దోపినట్టే ఉంది. పురుటికి వెళ్ళే మనిషి మాత్రలు మరిచిపోతుందా అని అమ్మ తనలో తను అనుకుంది. ఆ పొట్లం చేతిలో పట్టుకుని గట్టు మీద కూలబడిపోయింది. నలభై ఏళ్ళు దాటిన మా అమ్మ అలా నేల మీద కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ క్షణంలో నాకు సత్యంగారి మీద కంటే నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేసింది.

అక్కడి నుంచి తిన్నగా మండలాఫీసుకి వెళ్ళాం. ఎమ్మార్వోగారు కూర్చోమన్నారు, విన్నారు, మనుషులు ఎదురుగా లేకుండా ఎవర్ని విడిపించమంటారండీ అన్నారు. అందులోనూ తప్పు లేదు.  ఇంటికొస్తే మామ్మ, నేను చెప్పలేదా అన్నా తేలికపడేవాళ్ళం. కంచాలు పెట్టి, అన్నం వడ్డించి, వసారాలోకి పోయింది.

ఆ వారమంతా అమ్మ పని చేసిందే గానీ మనసు ఇంట్లో లేదు. క్రిస్మస్‌కి అరిసెలు వండలేదు. ఒక రోజు పొద్దున్నే లేచి నన్ను పోస్టుకార్డులు కొనుక్కురమ్మంది. జనవరిలో పోలియో చుక్కలు రెండో విడత ఉంది. ఆ రోజుల్లో దేశంలో ఎక్కడున్నా సరే, అయిదేళ్ళలోపు పిల్ల ఉన్న ప్రతి గడపకీ ఒక నర్సు వెళ్ళి తీరాలి. సత్యంగారు వాళ్ళని ఏ చెరువు మీద పెట్టినా, ఆ చెరువు గట్టు మీదకి ఎవరో ఒక నర్సు మందుపెట్టెతో నడిచి వస్తుంది. అమ్మకి తట్టింది అదీ. కాకినాడలో తనతో ట్రైనింగైనవాళ్ళు, మీటింగుల్లో పరిచయమైనవాళ్ళు, ఉప్పునీటి చెరువులున్న ఊళ్ళల్లో పనిచేసే ప్రతి నర్సుకీ ఒక కార్డు. అమ్మ చెబుతుంటే నేను రాశాను. మూడేళ్ళ ఆడపిల్ల, ఎడమ చెంప మీద కాలిన మచ్చ, పేరు చిన్ని. తల్లి నిండు చూలాలు. శ్రీకాకుళం మాట. కనబడితే అక్కడ ఎవరికీ చెప్పకుండా నాకు కబురు చెయ్యి. 'అక్కడ ఎవరికీ చెప్పకుండా' అన్నచోట కింద గీత గీయమంది. ప్రతి కార్డు మీదా గీశాను.

రెండో విడత ఆదివారం సాయంత్రం మా వీధి చివర ఎస్టీడీ బూతు కుర్రాడు సైకిలు మీద వచ్చి, అంతర్వేది వైపు నుంచి ఫోనొచ్చింది, మళ్ళీ చేస్తారట రండి అన్నాడు. చేసింది అమ్మతో కాకినాడలో చదివిన నర్సు స్నేహితురాలు. వైనతేయ గోదావరి దాటి అటు పక్క సత్యంగారి బావమరిది చెరువులున్నాయట. అక్కడ పాకలో మచ్చ ఉన్న పాప దొరికిందని, తల్లీ తండ్రీ ఉన్నారని చెప్పింది. అమ్మ ఒక్కటే ప్రశ్న అడిగింది. అవతలి జవాబు విని, ఫోను పెట్టేసి, బూతు కుర్రాడికి డబ్బులివ్వడం కూడా మరిచిపోయి బయటికొచ్చింది. కడుపు లేదట, చంటిబిడ్డా లేదట అని నాతో అంది.

మర్నాడు అమ్మ ఎవరికీ చెప్పకుండా, సెలవు కాగితం కూడా పెట్టకుండా మొదటి బస్సుకి నన్ను తీసుకుని అమలాపురం వెళ్ళి ఆర్డీవో ఆఫీసు గుమ్మంలో కూర్చుంది. లోపలికి పిలిచాక రిజిస్టరు తెరిచి చూపించి, తేదీలతో సహా చెప్పింది. ఎన్నేళ్ళుగానో గొంతులో పెట్టుకున్న మర్యాదంతా ఎక్కడో వదిలేసి వచ్చినట్టు, ఒక్క అండీ లేకుండా మాట్లాడింది. ఆ ఆఫీసరు కుర్రవాడు, తెలుగు కూడా అంతంతమాత్రం, కానీ వినగానే లేచాడు. మధ్యాహ్నానికి జీపు ఆ గట్టు మీద ఉంది. మొగుడినీ పెళ్ళాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. రేషన్ కార్డు తెప్పించారు. చీకటి పడకుండానే ముగ్గురినీ అమలాపురం తీసుకొచ్చారు.

కేసు పెట్టారు. అది ఏళ్ళ తరబడి నడిచింది, చివర్లో ఏమైందో మాకెవరూ చెప్పలేదు. సత్యంగారు ఊళ్ళో పెద్దమనిషిగానే ఉన్నారు. దారిలో ఎదురైతే, బావున్నారా నర్సమ్మగారూ అని మునుపటిలాగే పలకరించేవారు. అమ్మ జవాబు చెప్పేది కాదు. జీవితం మొత్తమ్మీద మా ఊరివాళ్ళకి మా అమ్మ చేసిన అమర్యాద అదొక్కటే. మాకు ఐసు రాలేదు, పోలియో రోజున ఆటో రాలేదు. ఊళ్ళో కొందరు, ఆయనకో మాట చెప్పి ఉండాల్సిందండీ అన్నారు. చెప్పాం అని మేము అనలేదు. ఇప్పుడు ఫోను నంబరుంది, గోడల మీద బొమ్మలున్నాయి, పేరు చెప్పకుండానే కబురు చేయవచ్చని ఆఫీసరమ్మ చెప్పింది. మంచిదే. అప్పట్లో మాకున్నది సంతలో చీపుళ్ళమ్మే ముసలావిడ ఒక్కర్తే, ఆవిడ మాటా వినలేదు. అయితే ఇప్పటికీ మా అపార్టుమెంటులో ఎవరింటి పనిమనిషి గురించైనా అనుమానం వస్తే, మొదట నాకు కలిగే ఆలోచన ఆ ఇంటావిడకి ఓసారి చెప్పి చూద్దామనే. నంబర్లు మారినంత తొందరగా మనుషులు మారరు.

ఇవన్నీ తరవాతి సంగతులు. ఆ సాయంత్రం ఆర్డీవో ఆఫీసు వరండాలో బల్ల మీద సుకాంతి కూర్చుంది. చిన్ని ఆమె ఒళ్ళో నిద్రపోయింది. దండాసి లోపల వేలిముద్రలు వేస్తున్నాడు. బిడ్డ నెలలు నిండకుండా ఆ కొత్త పాకలోనే పుట్టిందని, మగబిడ్డని, ఒక్కరోజు బతికిందని అప్పటికే చెప్పింది. అమ్మ టీ తెచ్చి ఇచ్చి, పక్కన కూర్చుంది. అమ్మ ఊరుకున్నా సరిపోయేది. విడిపించింది అమ్మే, అందరూ మెచ్చుకున్నారు, ఆ మాట ఎవరూ అడగలేదు. కానీ అమ్మ ఆమె వైపు తిరిగి, "నేనే చెప్పేనమ్మా ఆయనకి. నువ్వు నాతో చెప్పిందంతా నేనే వెళ్ళి ఆయనతో చెప్పేను. అందుకే మిమ్మల్ని అక్కడికి తోలేసేరు" అంది. 

సుకాంతి టీ గ్లాసు కింద పెట్టి, పిల్ల తల సర్దుకుంది. ఆమె ముఖంలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"తెల్సమ్మా. లారీ ఎక్కిస్తన్నపుడే ఆయన సెప్పినాడు, నర్సమ్మ మా మనిషి, అన్నీ మాకు సెప్పీసిందని. నొప్పులొచ్చిన రోజున ఆ ఊరి నర్సమ్మ మా గట్టు మీంచే ఎల్లినాది. తలుపు సందులోంచి సూసినాను. ఆమె కూడా ఆయన మనిషే కాబోలని పిలవనేదు."